బండి ఎవరిది?

పాలమ్మే అక్క తన మోపెడ్‌ను పక్క ఊరాయనకు అమ్మింది. డబ్బు ముట్టింది. ఆర్.సి.లో పేరు మాత్రం మారలేదు. "డబ్బు వచ్చింది గదా, ఇంకేముంది?" అనుకుంది.

కొన్నాళ్లకు ఆ బండి ఒక ముసలాయనను గుద్దింది. బండికి ఇన్సూరెన్సు లేదు. నష్టపరిహారం కోసం కోర్టు నోటీసు అక్కకే వచ్చింది. "బండి నాది కాదే!" అని ఏడ్చింది.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆర్.సి.లో ఎవరి పేరు ఉంటే వారే యజమాని. బండి చేతులు మారినా, పేరు మారకపోతే బాధ్యత పాత యజమానిదే. 2018లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది.

మన రాష్ట్రంలో బండి అమ్మితే 14 రోజుల్లో ఆర్.టి.ఓ. ఆఫీసుకు తెలపాలి. కొన్నవారు 30 రోజుల్లో తెలపాలి. ఇందుకు 29, 30 నంబరు ఫారాలు ఉన్నాయి.

ఇప్పుడు మనకు చదువు వచ్చింది. ఆర్.సి. తీసి చూద్దాం. అందులో ఎవరి పేరు ఉంది?