ముందు నడిచినవారి ఆసరా

సమాజంలో చిన్నచూపునకు గురియైన బాలునికి సాధారణంగా ఇంటిలో ఓదార్పు లభిస్తుంది. తల్లిదండ్రులు కూడ అదే అవమానాన్ని అనుభవించినవారు కావడంచేత, దానిని ఎట్లు ఎదుర్కొనవలెనో వారు చెప్పగలరు. హిజ్రాలు, ఇతర ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు, స్వలింగానురాగులు మాత్రం బాల్యంలో తరచుగా ఇంటిలోనే ఒంటరులవుతారు. తమవంటి మనిషి గౌరవంగా జీవించగలడన్న నిదర్శనం వారికి కనిపించదు. అందువల్లనే వారి మనోధైర్యానికి ఆదర్శవ్యక్తులు, మార్గదర్శకులు అత్యవసరం.

మదురైలో జన్మించిన నర్తకి నటరాజ్ జీవితం ఇందుకు చక్కని ఉదాహరణ. బాలుడుగా పెరిగినా తనలోని స్త్రీత్వాన్ని గుర్తించిన ఆమెకు ఇంటిలో ఆదరణ కరవైంది. అటువంటి దశలో తంజావూరు నాట్యాచార్యుల వంశానికి చెందిన కె. పి. కిట్టప్ప పిళ్ళై ఆమెను శిష్యురాలిగా స్వీకరించారు. సుమారు 15 సంవత్సరాలు గురుకుల పద్ధతిలో భరతనాట్యం నేర్పారు. 'నర్తకి' అన్న పేరు కూడ ఆయన పెట్టినదే. గురువు ట్రాన్స్‌జెండర్ వ్యక్తి కారు. శిష్యురాలిలోని ప్రతిభను మాత్రమే చూశారు. 2019లో ఆమెకు పద్మశ్రీ పురస్కారం లభించింది.

బళ్ళారి ప్రాంతానికి చెందిన మంజమ్మ జోగతికి దారి చూపినది మరొక జోగతి. తెలుగునాట కూడ పూజలందుకొనే ఎల్లమ్మ దేవతకు అంకితమైనవారే జోగతులు. ఒక దశలో ప్రాణత్యాగానికి సైతం పూనుకొన్న మంజమ్మకు కాళవ్వ జోగతి నృత్యం నేర్పి, తన బృందంలో చేర్చుకొన్నారు. కాళవ్వ అనంతరం ఆ బృందాన్ని నడిపిన మంజమ్మ 2019లో కర్ణాటక జానపద అకాడమీ అధ్యక్షురాలైనారు. 2021లో పద్మశ్రీ అందుకొన్నారు.

హిజ్రా సమాజంలో గురుశిష్య సంబంధం తరతరాలుగా ఉన్నది. ఇల్లు విడిచి వచ్చినవారికి గురువే తల్లి. గురువు ఇల్లే ఆశ్రయం. అయితే బయటి లోకం చదువు, ఉద్యోగం నిరాకరించినంతకాలం ఈ ఆశ్రయం కొందరికి బంధనంగా కూడ మారగలదు. మార్గదర్శకత్వం ఫలించవలెనంటే ముందు మార్గాలు తెరచి ఉండాలి.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల సమాన హక్కులను గుర్తించింది. 2018 సెప్టెంబరు 6న పరస్పర సమ్మతిగల వయోజనుల స్వలింగ సంబంధం నేరం కాదని తీర్పు చెప్పింది. కాని తీర్పులు న్యాయస్థానంలో వెలువడతాయి; అవమానం తరగతి గదిలో ఎదురవుతుంది. తోటివారు వెక్కిరించిన విద్యార్థిని పేరుపెట్టి ఆదరంగా పిలిచి, చదువు మానవద్దని చెప్పే ఉపాధ్యాయుడు, చేరువలో కూర్చొనే సహపాఠి కూడ మార్గదర్శకులే. కిట్టప్ప పిళ్ళై చేసినది అదే: తన గుమ్మం తెరచి, తనకు తెలిసిన విద్యను నేర్పారు.