మసాలా కన్నా మంట ముఖ్యం

బొగ్గుల మీద కోడిని కాల్చాలనుకోగానే చాలామంది ధ్యాసంతా మసాలా మీదికే పోతుంది. అల్లం వెల్లుల్లి ఎంత, కారం ఎంత, పెరుగు పులిసిందా లేదా అని చూస్తారు. నిప్పు సంగతి మాత్రం రాజుకున్నాక చూసుకోవచ్చులే అనుకుంటారు. తీరా చూస్తే ముక్క పైన మాడిపోయి, ఎముక దగ్గర పచ్చిగా ఉంటుంది. కాల్చిన కోడికి రుచి తెచ్చేవి ముందుగా ఉప్పు, వేడి, ఓపిక. మసాలా వాటి తర్వాతే. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఏళ్ల తరబడి కాలుస్తున్న కార్నెల్ చికెన్ ఇందుకు మంచి సాక్ష్యం. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన రాబర్ట్ బేకర్, కోళ్ల రైతుల సరుకు ఎక్కువగా అమ్ముడవ్వాలని, 1950లో ఈ పద్ధతిని ఒక చిన్న పుస్తకంలో వివరించారు. ఆయన చెప్పిన పూతలో నూనె, యాపిల్ వెనిగర్, ఉప్పు, మిరియాల పొడి, ఎండు ఆకుల పొడి, ఒక గుడ్డు మాత్రమే ఉంటాయి. నూనె, వెనిగర్ విడిపోకుండా గుడ్డు పట్టి ఉంచుతుంది. మాడిపోయే చక్కెర ఇందులో లేదు. సగానికి కోసిన కోడిని తోలుతో సహా నిప్పులకు ఎడంగా పెట్టి, మాటిమాటికీ తిప్పుతూ, పూత పూస్తూ దాదాపు గంటసేపు కాలుస్తారు. అక్కడి ఫైర్ స్టేషన్లు విరాళాల కోసం పెట్టే విందుల్లో నేటికీ ఈ కోడే కనిపిస్తుంది.

ఇంత సాదా పూతకు అంత రుచి ఎలా వచ్చింది? మసాలాలో ఉన్న వాసనలు మాంసం పైపొరను దాటి పెద్దగా లోపలికి వెళ్లవు. ఉప్పు వెళ్తుంది. కిలో కోడికి రెండు చెంచాల ఉప్పు పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో మూత లేకుండా ఉంచితే, మొదట నీరు ఊరుతుంది, తర్వాత ఆ ఉప్పునీటినే మాంసం మళ్లీ పీల్చుకుంటుంది. ఉప్పు పట్టిన మాంసం కాలేటప్పుడు రసాన్ని అంత తేలిగ్గా వదలదు. పైన తోలు ఆరిపోతుంది కాబట్టి త్వరగా ఎర్రబడుతుంది. ఇక మనం బొగ్గు వాసన అనుకునేది చాలావరకు బొగ్గుది కాదు. వాసన ఇచ్చే పదార్థాలు కట్టె బొగ్గుగా మారేటప్పుడే చాలావరకు పోతాయి. తోలు కింది కొవ్వు కరిగి ఒక్కో చుక్కా నిప్పుల మీద పడుతుంది, చుయ్‌మంటుంది, ఆవిరై లేచి మళ్లీ ముక్కకే అంటుకుంటుంది. ఆ ఘుమఘుమ అక్కడిదే. స్కిన్‌లెస్ ముక్కలు గ్రిల్ మీద చప్పగా ఉండటానికి ఇదే పెద్ద కారణం. అయితే చుక్కలు ఎక్కువై మంట ఎగసిందంటే ముక్కకు మసి పట్టి చేదెక్కుతుంది. అందుకే బొగ్గులన్నీ ఒక పక్కకు నెట్టి, కోడిని రెండో పక్కన పెట్టి మూతవేయాలి. చివరి కొద్ది నిమిషాలు మాత్రమే నిప్పుల మీదికి జరపాలి.

మరి తందూరీ మాటేమిటి, అది భగభగమనే వేడిలోనే కదా కాలేది అని అడగవచ్చు. నిజమే. కానీ తందూరులో మట్టి గోడల వేడి కోడిని అన్ని వైపుల నుంచీ చుట్టుకుంటుంది. గ్రిల్‌లో వేడి కింద నుంచే తగులుతుంది. తందూరీకి పూసే పెరుగు మసాలాను గ్రిల్ మంట మీద పెడితే వెల్లుల్లి ముందు మాడుతుంది. స్మోకర్ (పొగపెట్టి నెమ్మదిగా వండే పొయ్యి) వాడేవారు దీనికి ఎదురు వాదన తెస్తారు: 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి ఉంచితేనే పొగ పడుతుందని. అది గట్టి గొడ్డు మాంసానికి సరిపోతుంది, దాని పీచు మెత్తబడాలంటే అంత సమయం కావాలి. లేత బ్రాయిలర్ కోడికి ఆ అవసరం లేదు, పైగా తోలు రబ్బరులా సాగుతుంది. 140 నుంచి 160 డిగ్రీలు చాలు. తెల్లగా దట్టంగా పొగ వస్తుంటే, పొగ కోసం వేసిన కట్టె సరిగా మండట్లేదని అర్థం, అప్పుడు కోడిని పెట్టకూడదు. పొగ పలచబడి నీలంగా మారేదాకా ఆగాలి.

ఉడికిందో లేదో రంగు చూసి తేల్చడం మాత్రం ప్రమాదకరం. పొగలోని వాయువుల వల్ల బాగా ఉడికిన మాంసం కూడా గులాబీ రంగులో ఉండవచ్చు, లేత కోళ్లలో ఎముక దగ్గర ఎరుపూ మిగలవచ్చు. సాల్మొనెల్లా లాంటి క్రిములు పోవాలంటే లోపల 74 డిగ్రీలు రావాలి. థర్మామీటర్‌ను ఎముకకు తగలకుండా మందమైన చోట గుచ్చి చూడాలి. బ్రెస్ట్ పీస్‌ను అక్కడే దించేయాలి, లేదంటే పొడిబారుతుంది. లెగ్ పీస్‌ను 80 దాటనిస్తేనే మెత్తగా విడివడుతుంది.