ఇంట గెలిస్తేనే రచ్చ: అమెరికా ప్రైమరీ ఎన్నికల్లో ఆడవారి గెలుపోటములు

(గ్రామీణ విలేఖరి)

ఆ సభలో ఉన్నవి 46 స్థానాలు. 2023లో అందులో ఆడవారు ఐదుగురే. పార్టీలు వేరయినా ఐదుగురూ ఒక్కమాట మీద నిలిచి ఒక బిల్లును అడ్డుకున్నారు. మరుసటి సంవత్సరం జూన్ నెల దాటేసరికి వారిలో ముగ్గురు ఇంటిముఖం పట్టారు. వారిని ఓడించినది ఎదుటి పార్టీ కాదు, సొంత పార్టీకి ఓటు వేసేవారే. అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రపు సెనేటులో జరిగిన సంగతి ఇది. సెనేటు అంటే మన శాసన మండలి వంటి పై సభ. అయితే అక్కడ దానికి కూడా ప్రజలే నేరుగా ఓటు వేసి సభ్యులను పంపుతారు.

అమెరికా ఎన్నికలంటే మన రచ్చబండ దగ్గర మాట్లాడుకునేది నవంబరు నెల గురించే. అధ్యక్షుడు ఎవరయ్యాడన్నంత వరకే మనకు పట్టింపు. కాని అక్కడి ఆడవారి రాజకీయ భవిష్యత్తు చాలాచోట్ల నవంబరుకు ముందే, ప్రైమరీ అనే ఇంటి పోరులోనే తేలిపోతుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న మన పెద్దల మాట ఆ ఎన్నికలకు సరిగ్గా సరిపోతుంది.

బీ-ఫారం ఓటరు చేతిలో

మన దగ్గర శాసనసభకు పార్టీ తరఫున నిలబడాలంటే బీ-ఫారం కావాలి. అది పై నుంచి దిగి రావాలి. దాని కోసం ఆశావహులు రాజధాని చుట్టూ, నాయకుల ఇళ్ల చుట్టూ తిరగడం మనం చూస్తున్నదే. అమెరికాలో ఒకప్పుడు ఇదే తంతు. పార్టీ పెద్దలు తలుపులు మూసుకుని పేర్లు ఖాయం చేసేవారు. ఈ పద్ధతి మీద పోరాడినవారిలో విస్కాన్సిన్ రాష్ట్ర గవర్నరు శ్రీ రాబర్ట్ లా ఫాలెట్ ముఖ్యులు. ఆయన పట్టుదల వల్ల ఆ రాష్ట్రంలో 1906లో ప్రైమరీ ఎన్నిక జరిగింది. పార్టీ అభ్యర్థి ఎవరో ఓటర్లే పెట్టెలో ఓటు వేసి తేల్చారు. తర్వాత ఆ పద్ధతి దేశమంతా పాకింది.

నియమాలు అన్నిచోట్లా ఒకటి కావు. మేరీలాండ్‌లో ఏ పార్టీ వాడినని ఓటరు ముందుగా పేరు రాయించుకుంటేనే ఆ పార్టీ ప్రైమరీలో ఓటు. సౌత్ కరోలినా, వర్జీనియాలలో అలా రాయించుకునే పని లేదు. ఓటరు ఏదో ఒక పార్టీ ప్రైమరీకి వెళ్లవచ్చు, రెండింటికీ కాదు. వర్జీనియాలో అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినవారే విజేత. సౌత్ కరోలినాలో సగం దాటాలి. దాటకపోతే మొదటి ఇద్దరికీ మళ్లీ పోటీ పెడతారు.

ఒక నియోజకవర్గం ఏదో ఒక పార్టీకి పెట్టనికోట అయితే ఆ పార్టీ ప్రైమరీలో గెలిచినవారు నవంబరులోనూ గెలిచినట్లే లెక్క. పైగా ప్రైమరీకి వచ్చే ఓటర్లు తక్కువ. 2018 జూన్‌లో న్యూయార్క్ నగరంలో ఒక కాంగ్రెసు స్థానానికి జరిగిన డెమొక్రాటిక్ ప్రైమరీయే ఇందుకు తార్కాణం. దాదాపు 20 ఏళ్లుగా పాతుకుపోయిన సభ్యుడు శ్రీ జో క్రౌలీని 28 ఏళ్ల అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ ఓడించారు. అంతకుముందు ఆమె బారులో పనిచేసి పొట్టపోసుకున్న మనిషి. ఏడు లక్షల జనాభా గల ఆ నియోజకవర్గంలో ఆ రోజు పడిన ఓట్లు 30 వేల లోపే. తక్కువ మంది తేల్చే ఎన్నిక కొత్తవారిని నిలబెట్టనూ గలదు, ఉన్నవారిని పడగొట్టనూ గలదు. సౌత్ కరోలినాలో జరిగింది రెండవది.

ఒక్కతె నుంచి ఐదుగురు, ఐదుగురి నుంచి ఇద్దరు

శ్రీమతి కత్రీనా షీలీ 2012లో ఆ రాష్ట్ర సెనేటుకు పోటీ చేశారు. కాగితాలు దాఖలు చేసే నిబంధన మీద కోర్టు ఇచ్చిన తీర్పు వల్ల ఆ ఏడాది రెండు వందలకు పైగా అభ్యర్థుల పేర్లు ప్రైమరీ నుంచి కొట్టివేశారు. ఆమె పేరూ పోయింది. ఆమె ఊరుకోలేదు. ఓటర్ల సంతకాలు సేకరించి, పార్టీ టిక్కెట్టు లేకుండానే నిలబడి, అప్పటి సభ్యుణ్ణి ఓడించారు. సభలో అడుగు పెట్టేసరికి 46 మందిలో ఆడమనిషి ఆమె ఒక్కతే.

పదేళ్లు గడిచేసరికి ఆ సంఖ్య ఐదుకు చేరింది. శ్రీమతి షీలీ, శ్రీమతి సాండీ సెన్, శ్రీమతి పెన్రీ గస్టాఫ్సన్ రిపబ్లికన్లు. శ్రీమతి మార్జీ బ్రైట్ మాథ్యూస్ డెమొక్రాటు. మియా మెక్‌లియాడ్ స్వతంత్ర సభ్యురాలు. 2023 ఏప్రిల్‌లో గర్భస్రావాన్ని దాదాపు పూర్తిగా నిషేధించే బిల్లు సభకు వచ్చింది. ఐదుగురూ వంతులవారీగా గంటల తరబడి మాట్లాడి ఆ బిల్లు ముందుకు పోకుండా చేశారు. తర్వాత మే నెలలో, ఆరు వారాల గర్భం దాటితే నిషేధమన్న మరో బిల్లు వారు వద్దన్నా నెగ్గింది. అదే సంవత్సరం అధ్యక్షుడు కెన్నెడీ పేర ధైర్యానికి ఇచ్చే అవార్డు ఐదుగురికీ లభించింది.

దూరాన అవార్డు వచ్చింది, ఇంట్లో ఓటు పోయింది. 2024 జూన్ 11న ప్రైమరీ జరిగింది. శ్రీమతి గస్టాఫ్సన్ పెద్ద తేడాతో ఓడిపోయారు. శ్రీమతి సెన్ ఓడిన తేడా 40 ఓట్లు కూడా లేదు. శ్రీమతి షీలీ పోటీలో ఎవరికీ సగం ఓట్లు రాకపోవడంతో జూన్ 25న మళ్లీ ఎన్నిక పెట్టారు. అందులో ఆమె కూడా ఓడారు. ముగ్గురినీ ఓడించినవారు మగవారే. నవంబరు ఎన్నికలు ముగిసేసరికి 46 మంది సభలో మిగిలిన ఆడవారు ఇద్దరే. ఇద్దరూ డెమొక్రాట్లు. 34 మంది రిపబ్లికన్లలో ఒక్క స్త్రీ కూడా లేదు. ఆ రాష్ట్ర జనాభాలో మాత్రం సగానికి పైగా ఆడవారే.

ఇందులో ఓటర్లను తప్పు పట్టడానికి లేదు. తమ పార్టీ మాటకు ఎదురు తిరిగారని ఓటర్లు అనుకుంటే ఓడించే హక్కు వారికుంది. గర్భస్రావం మీద ఎవరి అభిప్రాయం వారిది. కాని పదకొండేళ్లు ఒక్కొక్క మెట్టూ ఎక్కి పెంచుకున్న సంఖ్య, తక్కువ మంది ఓటు వేసే జూన్ ఎన్నికలో రెండు వారాల్లో కరిగిపోయిందన్నది మాత్రం కాదనలేని నిజం.

హైదరాబాదులో పుట్టిన ఇద్దరు

ఈ ఇంటి పోరులో నెగ్గి పై పదవికి చేరినవారిలో మన హైదరాబాదులో పుట్టిన ఇద్దరు స్త్రీలు ఉండటం విశేషం. ఇద్దరూ 1964లో పుట్టినవారే.

శ్రీమతి అరుణా మిల్లర్ ఏడేళ్ల వయసులో తల్లిదండ్రుల వెంట అమెరికా వెళ్లారు. సివిల్ ఇంజనీరుగా రోడ్లు, రవాణా పనులు చూశారు. 2010లో మేరీలాండ్ శాసనసభకు ఎన్నికయ్యారు. 2018లో అక్కడి నుంచి దేశ కాంగ్రెసుకు వెళ్లాలని డెమొక్రాటిక్ ప్రైమరీలో నిలబడ్డారు. ఎదుటివారు శ్రీ డేవిడ్ ట్రోన్, మద్యం వ్యాపారంలో కోట్లు గడించినవారు. సొంత డబ్బు నీళ్లలా ఖర్చు పెట్టారు. ఆమె ఓడిపోయారు. అంతటితో ఆమె ఆగలేదు. 2022లో గవర్నరు పదవికి పోటీ చేసిన శ్రీ వెస్ మూర్ తన జంటగా ఆమెను ఎంచుకున్నారు. మేరీలాండ్‌లో గవర్నరు, లెఫ్టినెంటు గవర్నరు ఒకే ఓటు మీద గెలుస్తారు. జూలైలో ప్రైమరీ, నవంబరులో అసలు ఎన్నిక గెలిచి, 2023 జనవరిలో ఆమె భగవద్గీత మీద చేయి పెట్టి ప్రమాణం చేశారు.

శ్రీమతి గజాలా హాష్మీ నాలుగేళ్ల పసిపిల్లగా వెళ్లారు. ఇంగ్లీషు సాహిత్యం చదివి కాలేజీలో పాఠాలు చెప్పారు. 2019లో వర్జీనియా సెనేటుకు గెలిచారు. ఆ సభకు ఎన్నికైన మొదటి ముస్లిం ఆమె. 2025 జూన్ 17న లెఫ్టినెంటు గవర్నరు పదవి కోసం డెమొక్రాటిక్ ప్రైమరీ జరిగింది. పోటీలో ఆరుగురు. ఆమెకు నూటికి 28 ఓట్లు కూడా రాలేదు, అయినా మొదటి స్థానం ఆమెదే. రెండవ స్థానంలో ఉన్న రిచ్‌మండ్ మాజీ మేయరు శ్రీ లెవార్ స్టోనీకీ ఆమెకూ మధ్య తేడా నూటికి ఒక ఓటు కూడా లేదు. ఇదే పోటీ సౌత్ కరోలినా నియమం కింద జరిగి ఉంటే ఆమె మళ్లీ ఓటర్ల ముందుకు వెళ్లవలసి వచ్చేది. నవంబరు 4న ఆమె రాష్ట్రమంతటా గెలిచారు. ఆ పదవిలో ఉన్నవారు రాష్ట్ర సెనేటుకు అధ్యక్షత వహిస్తారు. ఓట్లు సమానమైతే తేల్చే ఓటు వారిదే.

అదే రోజు వర్జీనియాకు మొదటి మహిళా గవర్నరుగా శ్రీమతి అబిగైల్ స్పాన్‌బర్గర్ ఎన్నికయ్యారు. ఆమెతో తలపడిన రిపబ్లికన్ అభ్యర్థి శ్రీమతి విన్సమ్ అర్ల్-సియర్స్ కూడా స్త్రీయే. తమ తమ పార్టీల్లో వీరిద్దరికీ పోటీ లేకపోవడంతో గవర్నరు పదవికి ప్రైమరీ పెట్టే అవసరమే రాలేదు. ఎవరు గెలిచినా చరిత్రే అన్న పరిస్థితి జూన్‌కు ముందే ఖాయమైంది.

డబ్బు సంగతి

ప్రైమరీ అంటే డబ్బు లేనివారికి కష్టమే. పార్టీ గుర్తు చూసి ఓటు వేసే వీలు లేదు, అందరిదీ ఒకే పార్టీ. మనిషి పేరు ఇంటింటికీ చేరాలి. అది ముందుగా చేరాలి. ఈ కిటుకు గ్రహించి 1985లో శ్రీమతి ఎలెన్ మాల్కమ్ మరికొందరితో కలిసి ఎమిలీస్ లిస్ట్ అనే సంస్థ పెట్టారు. ఎమిలీ అన్నది మనిషి పేరు కాదు. ముందుగా అందిన డబ్బు పిండిని పొంగించే ఈస్టు లాంటిది అన్న ఇంగ్లీషు వాక్యంలోని మొదటి అక్షరాల కూర్పు. పాలు తోడుకోవడానికి మజ్జిగ చుక్క ఎంతో, పోటీ మొదట్లో అందే చందా అంత. ఆ సంస్థ గర్భస్రావ హక్కును సమర్థించే డెమొక్రాటిక్ స్త్రీలకే సాయం చేస్తుంది. రిపబ్లికన్ స్త్రీలకు అంత బలమైన అండ ఏర్పడలేదు.

డబ్బు ఎప్పుడూ గెలుస్తుందనీ చెప్పలేము. 2018లో శ్రీమతి మిల్లర్‌ను ఓడించిన శ్రీ ట్రోన్ 2024లో సెనేటు స్థానం కోసం మేరీలాండ్ ప్రైమరీలో మళ్లీ దిగారు. సొంత జేబు నుంచి ఆరు కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టారు. మే 14న గెలిచింది ఏంజెలా ఆల్సోబ్రూక్స్, ఒక కౌంటీ పాలన చూస్తున్న స్త్రీ. నవంబరులో ఆమె సెనేటరు అయ్యారు.

ముందు నడిచినవారు

స్త్రీలు అమెరికా రాష్ట్ర శాసనసభలో మొదటిసారి అడుగు పెట్టింది 1894 ఎన్నికలో, కొలరాడో నుంచి ముగ్గురు. దేశమంతటా స్త్రీలకు ఓటు హక్కు వచ్చింది 1920లో. అంతకు నాలుగేళ్ల ముందే, 1916లో, మోంటానాకు చెందిన కుమారి జీనెట్ రాంకిన్ ప్రైమరీ నెగ్గి కాంగ్రెసుకు వెళ్లారు. 1917లో యుద్ధానికి వద్దని ఓటు వేసిన ఆమె మరుసటి ఏడాది సెనేటు ప్రైమరీలో ఓడారు. సొంత మాట మీద నిలబడి ఇంట ఓడిన మొదటి వరుసలో ఆమె ఉన్నారన్నమాట. 1948లో మెయిన్ రాష్ట్రంలో శ్రీమతి మార్గరెట్ చేజ్ స్మిత్ పరిస్థితి వేరు. ఉన్న గవర్నరు, మాజీ గవర్నరు, ఇంకొకరు పోటీకి రాగా, ముగ్గురికీ కలిపి వచ్చిన ఓట్ల కన్నా ఆమె ఒక్కరికి వచ్చినవే ఎక్కువ.

ఇంట ఓడి రచ్చ గెలిచిన వింత కూడా ఒకటుంది. 2010లో అలాస్కా సెనేటరు శ్రీమతి లీసా మర్కోస్కీ తమ పార్టీ ప్రైమరీలో ఓడిపోయారు. బ్యాలెట్ మీద ఆమె పేరు లేదు. నా పేరు మీ చేత్తో రాయండి అని ఆమె ఓటర్లను అడిగారు. పలకడానికే కష్టమైన ఆ పేరు తప్పుపోకుండా ఎలా రాయాలో ఊరూరా నేర్పారు. ఓటర్లు రాశారు, ఆమె గెలిచారు. అయితే ఇలాంటిది అరుదు. ప్రైమరీలో ఓడినవారు అదే ఏడాది స్వతంత్రులుగా బ్యాలెట్ మీదికి రాకుండా చాలా రాష్ట్రాల్లో చట్టాలున్నాయి.

లెక్క, దాని వెనక మాట

యాభై రాష్ట్రాల శాసనసభల్లో కలిపి 7,386 స్థానాలున్నాయి. అందులో స్త్రీలు దాదాపు మూడో వంతు. సగం దాటిన మొదటి రాష్ట్రం నెవడా, 2019లో. సౌత్ కరోలినా చివరి వరుసల్లో ఉంది. ఏ రాష్ట్రంలోనూ స్త్రీలకు రిజర్వేషను లేదు. ప్రతి స్థానం ప్రతిసారీ మళ్లీ గెలుచుకోవలసిందే.

మన దారి వేరు. రెండు తెలుగు రాష్ట్రాల పంచాయతీల్లో సగం పదవులు చట్టం ప్రకారం స్త్రీలవి. మన సర్పంచుల సంఖ్య ఒక్క జూన్ నెలలో కరిగిపోదు. ఆ మేరకు మన ఆడపడుచులు ధీమాగా ఉండవచ్చు. కాని కుర్చీ ఆమెది, మాట భర్తది అన్న ఫిర్యాదు మన ఊళ్లలో ఇంకా వినబడుతూనే ఉంది. సౌత్ కరోలినాలో ఓడిన ముగ్గురి విషయంలో ఆ ఫిర్యాదు ఎవరూ చేయలేరు. వారు పోగొట్టుకున్నది పదవిని. సభలో ఉన్నంతకాలం వేసిన ఓటు మాత్రం వారి సొంతమే.