మీకు తెలుసా? ‘గాండ్లపెంట’కు ఎన్ని బైట్లు?

శ్రీ సత్యసాయి జిల్లా కదిరి డివిజన్‌లోని గాండ్లపెంట పేరు కంటికి నాలుగక్షరాలే. కంప్యూటరుకు మాత్రం పది సంకేతాలు: గుణింతాలు, సున్నలు, ఒత్తును పుట్టించే పొల్లు విడివిడిగా లెక్కకొస్తాయి. ఆ సంకేతాలను బైట్లుగా రాసే పద్ధతిని ఎన్‌కోడింగ్ అంటారు. ఆ పేరు యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో 30 బైట్లు, యూటీఎఫ్-16లో 20. 1991 నాటి భారతీయ ప్రమాణం ‘ఇస్కీ’లో పదే! అందులో మన లిపులకు ఒకటే పట్టిక. తెలుగు ‘క’కూ హిందీ ‘క’కూ ఒకే సంఖ్య కాబట్టి ఫైలు ఏ లిపిదో విడిగా చెప్పాలి.

ఫైలును ఒక ఎన్‌కోడింగ్ నుంచి మరోదానికి మార్చాలా? లినక్స్, మ్యాక్ కమాండ్ లైన్‌లో ‘ఐకాన్వ్’ అనే ప్రోగ్రాముకు పాత, కొత్త ఎన్‌కోడింగ్‌ల పేర్లిస్తే ఫైలంతా క్షణాల్లో మారుతుంది. ఫలితాన్ని వేరే పేరుతోనే దాచండి. అదే పేరిస్తే చదవకముందే అసలు ఫైలు ఖాళీ అయిపోవచ్చు. ఇస్కీకైతే ఐసీయూ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీతో వచ్చే ‘యూకాన్వ్’ ఉంది.

డీటీపీ సెంటర్లలో పేరుకుపోయిన ‘అను’ ఫాంట్ల ఫైళ్లకు ఇవేవీ పనికిరావు. వాటిలో ఉన్నవి తెలుగు సంకేతాలు కావు, ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టిన అక్షరాల ముక్కలు. వాటికి ప్రత్యేక కన్వర్టర్లే దిక్కు. మార్చాక ఒత్తులు సరిగా పడ్డాయో లేదో పేజీ పేజీ చదివి చూసుకోవాల్సిందే. ఆ శ్రమ తప్పక పడదగ్గది, ఎందుకంటే ఆ ఫైళ్లలోని తెలుగు ఇంటర్నెట్ వెతుకులాటకు అందదు.