కోర్లు పదహారు, క్వెరీ ఒక్కటి

నాలుగు కోర్ల సర్వర్ తీసేసి పదహారు కోర్లది పెడితే, గంట పట్టే నెలాఖరు రిపోర్టు పావుగంటలో వచ్చేస్తుందని చాలామంది ఆశ. తీరా పెట్టాక మళ్లీ అదే గంట. ఒక్క కోర్ నూటికి నూరు శాతం పనిలో మునిగి ఉంటుంది. మిగతా పదిహేనూ గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటాయి.

ఇందులో సర్వర్ తప్పేమీ లేదు. 2005 ప్రాంతంలో ప్రాసెసర్ల వేగం పెంచడం వేడి కారణంగా కష్టమైపోయింది. దాంతో తయారీదార్లు వేగానికి బదులు కోర్ల సంఖ్య పెంచుతూ వచ్చారు. కోర్లు ఎన్నున్నా పనిని ముక్కలు చేసి వాటికి పంచాల్సింది మాత్రం సాఫ్ట్‌వేరే.

డేటాబేస్‌లో పంపకం రెండు రకాలు. వందమంది వంద చిన్న క్వెరీలు పంపితే ఒక్కోటి ఒక్కో కోర్ మీద నడుస్తుంది. ఇది తేలిక. పోస్ట్‌గ్రెస్‌నే తీసుకుంటే, ప్రతి కనెక్షన్‌కూ అది విడిగా ఒక ప్రాసెస్ ఇస్తుంది. ఏది ఏ కోర్ మీద నడవాలో ఆపరేటింగ్ సిస్టమ్ చూసుకుంటుంది. ఒకే పెద్ద క్వెరీని ముక్కలు చేయడం రెండో రకం. అసలు చిక్కంతా ఇక్కడే. పోస్ట్‌గ్రెస్‌కు ఈ విద్య 2016లో, 9.6 వెర్షన్‌తో వచ్చింది. అప్పుడు కూడా ఎవరైనా ఆన్ చేస్తేనే పనిచేసేది.

అది పనిచేసే తీరు ఓట్ల లెక్కింపు హాలును పోలి ఉంటుంది. హాల్లో సాధారణంగా 14 టేబుళ్లు ఉంటాయి. ఏ టేబుల్ లెక్క ఆ టేబుల్‌దే, అన్నీ రిటర్నింగ్ అధికారి దగ్గరికి చేరాక కూడిక. డేటాబేస్‌లో ఈ లెక్కింపు టేబుళ్ల స్థానంలో వర్కర్ ప్రాసెస్‌లు, అధికారి స్థానంలో క్వెరీ మొదలుపెట్టిన లీడర్ ప్రాసెస్. తేడా ఒకటుంది. హాల్లో ఒక టేబుల్ ఆలస్యమైతే రౌండ్ ఫలితం ఆగిపోతుంది. పోస్ట్‌గ్రెస్ వర్కర్లకు వాటాలు ముందే రాసిపెట్టి ఉండవు. డేటాబేస్ టేబుల్‌లోని డేటా 8 కేబీ బ్లాకులుగా ఉంటుంది, చేతిలో పని అయిపోయిన వర్కర్ తర్వాతి బ్లాకులు అందుకుంటాడు.

అయితే అన్ని లెక్కలూ ఇలా ముక్కలు కావు. మొత్తం కావాలంటే ముక్కల మొత్తాలు కలిపితే చాలు. సగటు దగ్గర జాగ్రత్త పడాలి. ఒక వర్కర్‌కు 10 బిల్లులు, సగటు 100 రూపాయలు. ఇంకొకరికి 1,000 బిల్లులు, సగటు 200. రెండు సగటుల సగటు 150 అంటే తప్పు; అసలు జవాబు సుమారు 199. అందుకే ప్రతి వర్కర్ సగటు కాకుండా మొత్తాన్నీ సంఖ్యనూ విడివిడిగా పంపుతాడు, భాగహారం లీడర్ చేస్తాడు. మధ్యగతం దగ్గర ఈ ఉపాయం కూడా పారదు. వరసలో సరిగ్గా నడిమి విలువ కావాలంటే అన్నీ ఒకచోట చేరాలి, లెక్క చివరికి ఒక్క ప్రాసెస్ చేతిలోనే పడుతుంది.

ఇలా ముక్కలు కాని భాగం ఎంతుందన్నదే మొత్తం సమయాన్ని శాసిస్తుంది. కంప్యూటర్ ఇంజనీరు జీన్ ఆమ్డాల్ 1967లోనే ఈ మాట చెప్పాడు. గంట రిపోర్టులో 54 నిమిషాల పని పంచగలిగిందీ, 6 నిమిషాలది పంచలేనిదీ అనుకోండి. 8 కోర్లకు పంచితే దాదాపు 13 నిమిషాలు. 16కి పంచితే 9 నిమిషాల పైచిలుకు. కోర్లు రెట్టింపు చేసినందుకు మిగిలింది మూడున్నర నిమిషాల లోపే. వెయ్యి కోర్లు పెట్టినా ఆ 6 నిమిషాలు పోవు.

పైగా పంచడం ఊరికే జరగదు. వర్కర్లను లేపడానికి ఖర్చు, ప్రతి వరసను లీడర్‌కు చేరవేయడానికి ఇంకో ఖర్చు. అందుకే 8 ఎంబీ కంటే చిన్న టేబుల్‌కు పోస్ట్‌గ్రెస్ మామూలుగా వర్కర్లను పిలవదు. 8 ఎంబీకి ఒకరు, 24 ఎంబీకి ఇద్దరు, 72కి ముగ్గురు: సైజు మూడింతలైతేనే ఇంకొకరు. దానికితోడు, మార్చకపోతే, క్వెరీలో పంచే ప్రతి చోటా ఇద్దరు వర్కర్లే పరిమితి. లీడర్‌తో కలిపి ముగ్గురు. పదహారు కోర్లలో పదమూడు ఖాళీగా ఉండటానికి చాలాసార్లు ఈ ఒక్క సెట్టింగే కారణం.

అది తెలియగానే కొందరు ఆ అంకెను పదహారు చేసేస్తారు. నా దృష్టిలో అది తొందరపాటు. సార్టింగ్‌కు ఇచ్చే మెమరీ పరిమితి ప్రతి ప్రాసెస్‌కూ విడివిడిగా వర్తిస్తుంది. 256 ఎంబీ ఇచ్చి నలుగురు వర్కర్లను పెడితే, లీడర్‌తో కలిపి ఒక్క సార్టింగే 1,280 ఎంబీ దాకా వాడొచ్చు. ఆ సమయంలో పదిమంది ఇలాంటి రిపోర్టులే నొక్కితే కోర్ల సంగతి తర్వాత, ముందు మెమరీ అయిపోతుంది.

మార్చేముందు ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ ఇచ్చి చూడండి. ఎంతమంది వర్కర్లను అనుకున్నారో, నిజంగా ఎందరు వచ్చారో విడివిడిగా చూపిస్తుంది. నలుగురిని అనుకుని ఒక్కరే వచ్చారంటే, మార్చకపోతే సర్వర్ మొత్తానికి ఎనిమిది మందే ఉండే వర్కర్ల కోటాను పక్క క్వెరీలు తినేశాయన్నమాట. పగలు బిల్లింగ్ నడిచే సర్వర్‌లో ఆ ఇద్దరి పరిమితిని అలాగే ఉంచి, రాత్రి రిపోర్టు నడిపే సెషన్‌లో మాత్రం పెంచుకోవడం మేలు.