గుండెకు, పొట్టకు ఓట్స్: ఎన్ని తింటే ఎంత మేలు?

ఒకప్పుడు ఓట్స్ అంటే పట్నంలో పెద్ద షాపుల్లో డబ్బాల్లో దొరికే వస్తువు. ఇప్పుడు వీధి చివరి కిరాణా కొట్లో కూడా చిన్న చిన్న ప్యాకెట్లు దండల్లా వేలాడుతున్నాయి. షుగరు ఉన్నవాళ్ళూ, కొలెస్ట్రాల్ ఉన్నవాళ్ళూ, సన్నబడాలనుకునే ఆడపిల్లలూ అందరూ వాటి మీదే పడ్డారు. మంచిదే. కానీ ఎన్ని తినాలి, ఎలాంటివి కొనాలి అని అడిగితే మాత్రం "ఏమో, మంచివంట" అనేవాళ్ళే ఎక్కువ.

ఓట్స్ జావ కాచి కాస్త చల్లారనివ్వండి. గరిటెతో ఎత్తితే జిగురుగా జారుతుంది. సుగుణమంతా ఆ జిగురులోనే ఉంది. దాని పేరు బీటా గ్లూకాన్. అదీ ఒక రకం పీచు పదార్థమే. గోధుమ పొట్టులోని పీచు నీళ్ళలో కరగదు, ఇది మాత్రం కరిగి చిక్కబడుతుంది.

మన లివరు కొలెస్ట్రాల్‌తోనే పైత్యరసం తయారుచేస్తుంది. తిన్న కొవ్వు అరగడానికి ఆ రసం పేగుల్లోకి వస్తుంది. పని అయ్యాక పారేయకుండా లివరు దాన్ని చాలావరకు వెనక్కి తీసుకుని మళ్ళీ వాడుకుంటుంది, మనం వేయించిన నూనెను దాచి పోపుకి వాడుకున్నట్టు. ఓట్స్ జిగురు ఆ రసాన్ని కొంత దారిలోనే పట్టేసి మలంతో పాటు బయటకు పంపేస్తుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి లివరు రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ని లాక్కుంటుంది. రిపోర్టులో ఎల్.డి.ఎల్. అని రాసేది అదే.

1997లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ, ఓట్స్ వల్ల గుండె జబ్బు ముప్పు తగ్గవచ్చని ప్యాకెట్ల మీద రాసుకోవడానికి అనుమతి ఇచ్చింది. ఊరికే ఇవ్వలేదు. రోజుకి 3 గ్రాముల బీటా గ్లూకాన్ కడుపులోకి వెళ్ళాలి, భోజనంలో నెయ్యి, వెన్న లాంటి కొవ్వులు కూడా తక్కువగా ఉండాలి అని లెక్క చెప్పింది. ఆ 3 గ్రాములు రావాలంటే పచ్చి ఓట్స్ సుమారు 75 గ్రాములు కావాలి. వంటింట్లో తూచి చూడండి, మనం "బోలెడు వేశాను" అనుకునే రెండు చెంచాలు దాంట్లో ఏ మూలకీ రావు. రెండు గ్లాసుల ఇడ్లీ పిండిలో గుప్పెడు ఓట్స్ కలిపి ఇంటిల్లిపాదికీ పెడితే, మనిషికి వచ్చేది ఓ చెంచాడే కదా! పిల్లలు తింటారంటే చేయండి, కొలెస్ట్రాల్ కోసమైతే అది చాలదు.

ఇంకో మాట. ఇడ్లీలు నాలుగు తిని, ఆ పైన ఓట్స్ జావ తాగితే లాభం లేదు. 75 గ్రాముల ఓట్స్‌లో 280 కేలరీల పైనే ఉంటాయి. ఇడ్లీల బదులు తినాలి గానీ, ఇడ్లీలతో పాటు కాదు.

రోజూ సరిపడా తిన్నా చెడు కొలెస్ట్రాల్ తగ్గేది సుమారు 5 నుంచి 7 శాతం. అంటే 160 ఉన్నవాళ్ళకి 150 అవుతుంది. తిండితోనే అంత తగ్గడం తక్కువేం కాదు. కానీ డాక్టరు రాసిన కొలెస్ట్రాల్ మాత్రలు 30 నుంచి 50 శాతం దాకా తగ్గిస్తాయి. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, మా ఆడపడుచు మామగారికి గుండెలో స్టెంటు వేశారు. ఆయన మూడు నెలలు ఓట్స్ తిని, రిపోర్టు బాగుందని మాత్ర మానేశారు. "ఓట్స్ తింటున్నా కదమ్మా, ఇంక మందులెందుకు" అని ఆయన వాదన. రిపోర్టు బాగుండటానికి కారణం మాత్ర అని ఆయనకి తట్టలేదు. మళ్ళీ పరీక్ష చేయిస్తే అంకె ఎక్కడికో వెళ్ళింది. డాక్టరు కోప్పడి మాత్ర మొదలుపెట్టించారు, ఓట్స్ మానమని మాత్రం అనలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళ మాత్రల డబ్బా ఓసారి చూడండి, అవి అయిపోవాల్సినప్పుడు అయిపోతున్నాయా అని.

మనలో చాలామంది పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుంటాం. పీచు దాన్ని ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. ఖాళీ కడుపున నీళ్ళతో మాత్ర వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట ఆగి ఓట్స్ తినండి.

ఇక పొట్ట సంగతి. ఈ జిగురు చిన్న పేగుల్లో అరగదు. పెద్ద పేగులో మనకి మేలు చేసే సూక్ష్మక్రిములు ఉంటాయి, వాటికి ఇదే భోజనం. అవి దీన్ని పులియబెట్టినప్పుడు తయారయ్యే కొన్ని ఆమ్లాలు పేగు లోపలి పొరకి బలం. విరేచనం కూడా సాఫీగా అవుతుంది. అయితే పులిసేచోట గ్యాసు పుట్టకుండా ఉంటుందా? ఒకేసారి పెద్ద గిన్నెడు తిని, "నాకు ఓట్స్ పడవు" అని డబ్బా పక్కన పెట్టేసినవాళ్ళు నాకు తెలుసు. మొదటి వారం రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాలి, మంచినీళ్ళు బాగా తాగాలి. నీళ్ళు తాగకుండా పీచు పెంచితే మలబద్ధకం ఎక్కువవుతుంది కూడా.

కొనేటప్పుడు అటుకుల్లా వెడల్పుగా ఉండే సాదా ఓట్స్ తీసుకోండి. పొడిపొడిగా ఉండి వేడి నీళ్ళు పోస్తే చాలనే రకం త్వరగా అరిగిపోయి, షుగరు తొందరగా పెంచుతుంది. మసాలా ప్యాకెట్లలో ఉప్పు ఎక్కువ, బి.పి. ఉన్నవాళ్ళకి వద్దు. ఓట్స్ బిస్కట్ల ప్యాకెట్ తిరగేసి చూస్తే మొదటి పేరు చాలాసార్లు మైదాయే. ఏది ఎక్కువుంటే దాన్నే ముందు రాయాలన్నది రూలు.

ఓట్స్ రుచించకపోతే బార్లీ ఉంది. అందులోనూ ఇదే బీటా గ్లూకాన్. వేసవిలో బార్లీ నీళ్ళు వడగట్టి తాగి గింజలు పారబోస్తుంటాం కదా, అవి పారేయకండి. మెత్తగా ఉడికించి పెరుగన్నంలా కలిపి, ఆవాలు, కరివేపాకు, అల్లం ముక్కలతో పోపు పెట్టండి. ఓట్స్‌కి కూడా ఇదే పద్ధతి బాగుంటుంది. నీళ్ళలో ఉడికించి చల్లారాక పలచటి మజ్జిగ, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర కలపాలి. చల్లారేకొద్దీ గట్టిపడుతుంది కాబట్టి మజ్జిగ కాస్త ఎక్కువే పోసుకోండి.