ఇంటికొక దిర్హం, గొడ్డలికొక దిర్హం

జుమా నమాజు ముగిశాక ఏం చేయాలో దివ్య ఖుర్‌ఆన్ 62వ సూరాలోనే ఉంది. నమాజు పూర్తి కాగానే ఎవరి పనుల మీద వారు వెళ్లి జీవనోపాధి చూసుకోవాలన్నది అక్కడి ఆదేశం సారాంశం. మస్జిదు గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ మన యువకులు మాట్లాడుకునే మాటల్లోనూ సగం ఉపాధి గురించే ఉంటాయి. "ఎంతకాలమని ఒకరి కింద చేస్తాం భాయ్, సొంతంగా ఏదో ఒకటి పెట్టుకోవాలి" అనే మాట ప్రతి జుమాకూ ఎవరో ఒకరి నోట వినబడుతుంది. పెళ్లికాని కుర్రవాడు అంటే విని ఊరుకుంటాం. ఇంట్లో ఇద్దరు పసిపిల్లలున్న మనిషి అంటే మాత్రం కాస్త ఆగి అడగాలనిపిస్తుంది.

సొంత కష్టంతో సంపాదించుకున్న తిండిని మించిన తిండి లేదని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) తెలియజేశారు. దావూద్ ప్రవక్త (అ) తన చేతి పని మీదే బతికారని కూడా చెప్పారు. మక్కా నుంచి ఉత్తి చేతులతో మదీనా చేరిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు అన్సారీ సోదరుడు సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన దానికి దుఆ చేసి, బజారు ఎటో చూపించమన్నారు. జున్ను, నెయ్యి అమ్మడంతో మొదలుపెట్టి మదీనాలోని సంపన్నుల్లో ఒకరయ్యారు. ఈ గాథను మనవాళ్లు తరచూ తలుచుకుంటారు, రాజీనామా ఇచ్చే ముందు మరీను.

దీనంతగా వినబడని సంఘటన మరొకటుంది. అబూదావూద్ హదీసు గ్రంథంలో హజ్రత్ అనస్ (రజి) ద్వారా వచ్చింది. ఒక అన్సారీ దైవప్రవక్త (సఅసం) దగ్గరకు వచ్చి సహాయం అడిగారు. ఇంట్లో ఏముందని ప్రవక్త అడిగితే, సగం కప్పుకుని సగం పరుచుకునే ఒక వస్త్రం, నీళ్లు తాగే ఒక పాత్ర ఉన్నాయన్నారు. ఆ రెండూ తెప్పించి, ప్రవక్తే స్వయంగా వేలం వేశారు. ఒకరు ఒక దిర్హం అన్నారు. ఇంకా ఎవరైనా ఎక్కువ ఇస్తారా అని రెండు మూడుసార్లు అడిగాక మరొకరు రెండు దిర్హములకు తీసుకున్నారు. ఒక దిర్హంతో తిండి సామాను కొని ఇంట్లో ఇచ్చి రమ్మన్నారు. రెండో దిర్హంతో గొడ్డలి కొని తెమ్మన్నారు. దానికి తన చేతులతోనే కర్ర బిగించి ఇచ్చి, కట్టెలు కొట్టి అమ్ముకో, పదిహేను రోజుల దాకా నాకు కనబడవద్దని పంపించారు. ఆ మనిషి పది దిర్హములు సంపాదించుకుని తిరిగి వచ్చారు.

ఇందులో వరుస గమనించండి. చేతిలో ఉన్నది రెండే దిర్హములు. రెండూ పెడితే ఇంకా మంచి పనిముట్టు వచ్చేదేమో. అయినా ముందు ఇంటికి తిండి వెళ్లింది, గొడ్డలి తరువాతే వచ్చింది. ఇంటి దిర్హం గొడ్డలిలోకి పోలేదు.

విజయవాడ వించిపేటలో మాకు బాగా తెలిసిన దంపతులున్నారు. పేర్లు వద్దన్నారు కనుక రాయడం లేదు. ఆయన ఒక టూవీలర్ షోరూంలో పదకొండేళ్లు పనిచేసి హెడ్ మెకానిక్ అయ్యారు. నెలకు 18 వేల పైచిలుకు జీతం, పీఎఫ్, ఈఎస్‌ఐ. 2019 రంజాన్ పండుగ అయిన తరువాతి వారం రాజీనామా ఇచ్చి, భవానీపురంలో సొంత రిపేరు షాపు తెరిచారు. అప్పటికి పెద్దపిల్లకు నాలుగేళ్లు, చిన్నవాడికి తొమ్మిది నెలలు. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి రెండు లక్షల డెబ్బై వేలు చేతికొచ్చాయి. (ఐదేళ్ల సర్వీసు నిండిన శాశ్వత ఉద్యోగికి ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీ రావాలి. అడగకుండా వదిలేసి వచ్చినవాళ్లను మేము చూశాం.)

"ముందు ఇంటి సంగతి తేల్చండి, తరువాత షాపు సంగతి చూద్దాం" అన్నారట ఆమె. అద్దె, బియ్యం, పాలు, పెద్దపిల్ల స్కూలు, ఆటో అన్నీ లెక్క వేస్తే నెలకు 15 వేలు తేలింది. ఆరు నెలలకు 90 వేలు. అది విడిగా పెట్టారు. మిగిలినదానితో షాపు అడ్వాన్సు, సామాన్లు. ఇక్కడి దాకా అంతా సక్రమమే.

సెప్టెంబరులో ఒక ఎయిర్ కంప్రెసర్ సెకండ్‌హ్యాండులో చవగ్గా వచ్చింది. ఇంటి డబ్బులోంచి 55 వేలు తీసి కంప్రెసర్, కొన్ని స్పేర్లు కొన్నారు. "రెండు వారాల్లో తిరిగి పెట్టేస్తానన్నాను. పెట్టలేకపోయాను" అని ఆయనే మాతో చెప్పారు. అదే నెలలో చిన్నవాడికి డెంగీ జ్వరం. ఉద్యోగం పోయింది కనుక ఈఎస్‌ఐ కూడా పోయిందనుకుని ప్రైవేటు ఆసుపత్రిలో 22 వేలు కట్టారు. నిజానికి అక్టోబరు నుంచి మార్చి వరకు 78 రోజులకు తగ్గకుండా చందా పడి ఉంటే, తరువాతి జూలై నుంచి డిసెంబరు దాకా వైద్యం అందుతుంది. ఆ బిడ్డను ఈఎస్‌ఐ ఆసుపత్రికే తీసుకెళ్లి ఉండవచ్చు. ఈ మాట ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయనా అడగలేదు.

డబ్బుతోపాటు మరొకటి కూడా తగ్గింది. ఉద్యోగంలో ఉండగా ఆదివారం సెలవు. సొంత షాపుకు ఆదివారమే బేరం ఎక్కువ, బళ్లున్న వాళ్లకు ఆరోజే తీరిక. పిల్లలు లేవక ముందు వెళ్లి, పడుకున్నాక వచ్చేవారు. "అబ్బా మన ఇంట్లోనే ఉంటున్నాడా అమ్మీ?" అని పెద్దపిల్ల ఒకనాడు అడిగిందట. ఆ తరువాత అసర్ నమాజుకు షట్టరు దించి, నమాజు చేసుకుని, గంటసేపు ఇంటికి వెళ్లి రావడం మొదలుపెట్టారు. ఆ గంటలో రెండు మూడు బళ్లు పక్క షాపుకు పోయేవి. పోనివ్వండి అన్నారు ఆమె. మా అభిప్రాయమూ అదే. సంసారం కోసం ఖర్చు పెట్టే సొమ్ముకు పుణ్యం ఉన్నట్టే, పిల్లలకిచ్చే సమయానికీ ఉంటుంది కదా.

2020 మార్చి 25 నుంచి లాక్‌డౌన్. షాపు రెండు నెలలు మూతబడింది. విడిగా పెట్టిన 90 వేలలో అప్పటికి మిగిలింది 11 వేలు. ఏప్రిల్ చివర్లో రంజాన్ మొదలయ్యే నాటికి అదీ అయిపోయింది. "రిజ్క్ ఇచ్చేవాడు అల్లాహ్, దిగులెందుకు" అని ఫోన్లో ధైర్యం చెప్పిన పెద్దలు చాలామంది. ఆ మాట నిజమే. కానీ ఒంటెను కట్టేసి ఆ తరువాత అల్లాహ్‌ను నమ్ముకోమన్నదీ మన ప్రవక్తే (సఅసం). డైలీ ఫైనాన్స్ వాళ్లు మాత్రం ఫోన్ చేసి మరీ ఇస్తామన్నారు. 2015లో బెజవాడలో బయటపడిన కాల్‌మనీ వ్యవహారం ఆ ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు. వడ్డీ హరామ్ అన్న సంగతి సరేసరి. బావమరిది వడ్డీ లేకుండా ఇచ్చిన కర్జె హసనాతో ఆ రెండు నెలలు గడిచాయి.

జూన్‌లో షాపు తెరవాలంటే అద్దె బకాయి, స్పేర్లు, బావమరిది బాకీ. ఆమె దగ్గర మహర్‌గా వచ్చిన గాజులున్నాయి, మూడు కాసులు, 24 గ్రాములు. మహర్ భార్య సొంత హక్కు. ఆమె మనసారా ఇస్తే తప్ప భర్త ముట్టుకోకూడదని ఖుర్‌ఆన్ 4వ సూరా మొదట్లోనే ఉంది. మన ఇళ్లలో ఈ మాట పెళ్లినాడు చదివి, కష్టం రాగానే మరిచిపోతాం. ఆమె గాజులు తీసి ఇస్తూ, "ఇది కానుక కాదండీ, అప్పు. రాయండి" అన్నారు.

"మనిద్దరి మధ్య రాతలేమిటి?" అని ఆయన నొచ్చుకున్నారు. ఖుర్‌ఆన్‌లో అన్నిటికంటే పొడవైన వాక్యం, 2వ సూరాలోని 282వది, నమాజు గురించో ఉపవాసం గురించో కాదు. అప్పు ఇచ్చిపుచ్చుకుంటే రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని చెప్పే వాక్యం అది. భార్యాభర్తలకు అందులో మినహాయింపు లేదు. రెండు రోజుల తరువాత బావమరిదిని, మేనమామను కూర్చోబెట్టుకుని షాపు నోటుబుక్కులోనే రాశారు. అప్పు తీసుకున్నది బంగారం కనుక బంగారమే బాకీ, 24 గ్రాములు. రూపాయలు కాదు.

ఆ గాజులు అమ్మితే లక్షకు కాస్త పైన వచ్చింది. ఆ తరువాతి ఏళ్లలో బంగారం ధర రెట్టింపు దాటింది. లక్ష తీసుకున్న మనిషి రెండు లక్షలు దాటి కట్టాల్సి వస్తోంది, ఇదేం న్యాయమని షాపులో ఎవరో అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. "అమ్మకుండా ఉంటే ఆ గాజులు ఆవిడ చేతికే ఉండేవి కదా భాయ్" అన్నారు.

షాపు ఇప్పుడు బాగానే నడుస్తోంది, అల్‌హమ్దులిల్లాహ్. ఇద్దరు కుర్రాళ్లు పని నేర్చుకుంటున్నారు. ఇంటి డబ్బు ఆమె ఖాతాలో ఉంటుంది, ఆయన దగ్గర దాని కార్డు కూడా లేదు. గ్రాము, రెండు గ్రాములు చొప్పున ఇప్పటికి 16 గ్రాములు తీర్చారు. ఇంకా ఎనిమిది ఉన్నాయి. నోటుబుక్కులో ఆ లెక్క ఇప్పుడు పెద్దపిల్ల రాస్తోంది.